బాగుందా?

మా ఇంట్లో ఊరిబిండి చేసిన రోజున మావారికి భోజనం చెయ్యడం కష్టం. ఊరిబిండి బాగుండదని కాదు. రామసముద్రం ఆడపిల్ల నూరిన ఊరిబిండి బాగుండకపోవడమేమిటి! మా అమ్మ పక్కన, రోటి ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది. కష్టం ఎక్కడంటే, ఆయన సంగటి ముద్ద తుంచి, ఊరిబిండిలో అద్ది, నోట్లో పెట్టుకునేలోపే నేను "బాగుందా?" అంటాను.

"ముద్ద ఇంకా గొంతు దిగలేదోయ్" అంటారాయన. దిగాక "బాగుంది" అంటారు. ఆ బాగుంది నాకు చాలదు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"కారం ఎక్కువైనట్టుందే?"

"లేదే."

"నా కోసం అంటున్నారు."

ఆఖరికి ఆయన విసిగిపోయి, "అవును, కొంచెం ఎక్కువైంది" అంటారు. అప్పుడు నాకు తృప్తి. ఆ వెంటనే ఏడుపు. అసలు సంగతేమిటంటే, రోట్లోంచి తీసేటప్పుడే వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. ఉప్పూ కారమూ చక్కగా కుదిరాయని అప్పుడే నాకు తెలుసు. తెలిసిన సంగతినే పదిసార్లు అడిగి, తెలియకుండా చేసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

చీరల కొట్లో అయితే మరీనూ. నాకు నచ్చే చీర మొదటి ఐదు నిమిషాల్లోనే నచ్చుతుంది. ఆ తరువాత గంటన్నర సేపు, అది ఎందుకు నచ్చకూడదో వెంట వచ్చిన ముగ్గురూ చెబుతారు. ఇంటికి తెచ్చేది నాలుగో చీర. అది బీరువాలో ఉంటుంది.

చీరతో పోయేది డబ్బే. రాసే నవలల్లోనూ ఇదే వరస పెట్టాను. ఒక నవలలో మా నాయిక మొగుడి దగ్గరకు తిరిగి వెళ్లదని నాకు తెలుసు. మూడు వందల పేజీలు ఆ పిల్లతో కాపురం చేసినదాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? కానీ ఆఖరి ప్రకరణం చదివి వినిపిస్తే మా వదిన కళ్లొత్తుకుంది. పక్కింటావిడ "పాపం, ఆ మొగుడేం పాపం చేశాడమ్మా?" అంది. అంతే, ఆ రాత్రే ముగింపు మార్చేసి నాయికను బస్సెక్కించి పంపేశాను. పుస్తకం వచ్చాక ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆ పిల్ల అట్లా వెళ్లే మనిషి కాదండీ, ఆమెను ఎవరు బలవంతపెట్టారు అని. ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. ఏమని రాస్తాను, మా వదిన బలవంతపెట్టిందనా?

నిజానికి నాలాంటిది పుట్టవలసిన ప్రాంతం కాదది. మా రామసముద్రానికి పట్నమంటే మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో పుట్టింది అక్కడే. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి దివ్యజ్ఞాన సమాజం వాళ్లు చేరదీసి, లోకానికి గురువు కాబోతున్నాడని చెప్పి, 1911లో ఆయన కోసం ఒక సంఘాన్నే పెట్టారు. దేశదేశాల్లో వేలమంది సభ్యులు. ఆయన మాత్రం 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, ఆ సభ్యుల ముందే నిలబడి, ఆ సంఘాన్ని రద్దు చేసేశాడు. నా వెంట రావద్దన్నాడు. గురువునని వాళ్లంతా ఒప్పుకున్నాక, కాదనడానికి ఎంత గుండె కావాలో చూడండి. మనకు ఒక్కరు బాగుందంటే చాలు, ఆ రోజంతా కాలు నేల మీద ఆనదు.

మదనపల్లె బీటీ కాలేజీలో బీఏ చదివే రోజుల్లో ఈ సంవత్సరాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఒకరోజు క్లాసులో లేచి, "సార్, ఎవరి మాటా గుడ్డిగా వినొద్దన్నారు కదా ఆయన. ఆ మాట వినొచ్చా?" అని అడిగాను. లెక్చరరుగారు పడీపడీ నవ్వి "ఆ సంగతి కూడా నన్నే అడుగుతావా అమ్మా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. చాలా తెలివైన ప్రశ్న వేశాననుకున్నాను ఆ రోజు. ప్రశ్న తెలివైనదే, వేసిన మనిషి సంగతే చెప్పుకోవాలి.

మా ఊరి గురించి ఒక మాట. పేరులోనే సముద్రం గానీ, కర్ణాటక సరిహద్దునున్న మెట్ట ప్రాంతం మాది. మా వైపు ఇట్లాంటి సముద్రాలు చాలా ఉన్నాయి. చెరువులు చూసుకుని, ఆశ కొద్దీ పెట్టుకున్న పేర్లు. నాయన చెనిక్కాయ వేసేవాడు, బోరులో నీళ్లుంటే టమోటా పెట్టేవాడు. టమోటా అంటే జూదమని మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మదనపల్లె మార్కెట్టులో ఒక వారం బంగారం, మరో వారం కోతకూలి కూడా రాక కాయలు రోడ్డు పక్కన పారబోసి ఖాళీ బండితో రావడం. ధర ఎట్లుందని నాయన ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు. కానీ ఏ కయ్యలో ఏం పెట్టాలో మాత్రం ఎవర్నీ అడిగేవాడు కాదు. పిడికెడు మట్టి తీసి నలిపి, ఒక్క క్షణం వాసన చూసి వదిలేసేవాడు.

"ఒక మాట ఎవర్నన్నా అడగరాదా?" అని అమ్మ అంటే, "ధర నాకు తెలీదు గాబట్టి అడగతా. మన్ను నాకు తెలుసు గదా, ఇంకెవుర్ని అడిగేది?" అనేవాడు.

నాయన లెక్క ఎప్పుడూ తప్పలేదని చెబితే అబద్ధమవుతుంది. ఒక ఏడాది అమ్మ గొలుసు బ్యాంకుకు పోయింది. అయినా ఆ ఏడాది ఆయన ఎవర్నీ తిట్టుకోలేదు. తిట్టుకోవడానికి మనిషి ఉండాలి కదా! మనం పదిమందిని అడిగేది ఎందుకో ఇక్కడే కొంచెం అర్థమవుతుంది. రేపు తప్పయితే ఆ తప్పును పంచుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలని.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులే చెప్పాను. ఇక చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను.

2022 మాఘమాసంలో నాయన పోయాడు. మర్నాడు పదకొండో రోజు, దివసమనగా, ఆ రాత్రి ఇంటి నిండా చుట్టాలు. వసారాలో, మిద్దె మీద, ఎక్కడ చూసినా చాపలు. అమ్మ నా పక్కనే పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"పాపా" అంది చిన్నగా. "ఇవి తీసెయ్యాల్నా?"

ఏవని చెప్పలేదు. చీకట్లో చేతి గాజులు ఒక్కసారి కదిలాయి, అంతే.

'వద్దమ్మా' అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. ఆలోచించి వచ్చిన మాట కాదది. నిప్పు మీద చెయ్యి పడితే వెనక్కు లాక్కున్నట్టుగా, దానంతట అదే వచ్చింది. గొంతు దగ్గర ఆగిపోయింది. పైకి వచ్చిన మాట వేరు.

"పెద్దత్తను ఒక మాట అడుగుదాంలే అమ్మా."

తెల్లవారుతూనే అడిగాను. పెద్దత్త నాయనకు అక్క. "మనింట్లో ఎవురు ఉంచుకున్నారు మే? మీ అవ్వ తీసెయ్యలా? నేను తీసెయ్యలా?" అంది. ముప్పై ఏళ్లుగా బోసిగా ఉన్న ఆ చేతుల్ని చూస్తూ ఆ మాటకు జవాబు చెప్పడం అంత సులువు కాదు. చిన్నాయన్ను అడిగాను. ఊళ్లో తలెత్తుకోవాల గదా అన్నాడు. చిన్నమ్మ ఆయన మాటే తన మాటంది. అయ్యవారిని అడిగాను. ఆయన తప్పకుండా తియ్యమంటాడనుకున్నాను. "ఇది మీ ఇంటి ఆచారమమ్మా. నేను తియ్యమనీ అనను, వద్దనీ అనను" అన్నాడాయన. తమ్ముడు "ఆడవాళ్ల సంగతులు నాకేం తెలుసక్కా, నువ్వే చెప్పు" అన్నాడు. మావారు "అత్తయ్యకు ఎట్లా అనిపిస్తే అట్లా" అన్నారు.

మొత్తం ఆరుగురు. ముగ్గురు తియ్యమన్నారు. ముగ్గురు మీ ఇష్టమన్నారు. తక్కెడ సరిగ్గా మధ్యలో నిలబడింది, ఇటు నేనొక వేలు వేస్తే చాలు. నేను ఏడో మనిషి కోసం వెతుక్కుంటున్నాను.

అమ్మను మాత్రం అడగలేదు. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. అడిగితే, చెప్పాక చెయ్యాల్సి వస్తుంది.

బావి దగ్గర కూర్చోబెట్టారు. తలలో పూలు, చేతుల నిండా గాజులు, నుదుట ఇంత బొట్టు, అన్నీ పెట్టారు, తీసెయ్యడానికి. అమ్మ ఒకసారి నా వైపు చూసింది. పెద్ద చూపేం కాదు. పోపు మాడుతుంటే ఆ డబ్బా ఇటు అందించమని చూస్తుందే, అట్లాంటి చూపు. నేను పెద్దత్త వైపు చూశాను.

ఒక గాజు పెంకు అమ్మ మణికట్టు మీద గీరుకుంది. పెద్దత్తే తన కొంగుతో అదిమి పట్టుకుంది, రక్తం ఆగేదాకా.

ఇప్పుడు ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారండీ, అంటారు మీరు. మీ ఇంట్లో పాటించకపోతే సంతోషం. ఆ ఏడాది మే నెలలోనే మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్లో, ఇకమీదట మా ఊళ్లో మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టకూడదు, బొట్టు చెరపకూడదు అని పంచాయతీ తీర్మానం చేసింది. పేపర్లో చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా ఊరి పంచాయతీ కూడా మూడు నెలల ముందు ఒక తీర్మానం చేసి ఉంటే నాకు కాస్త ధైర్యం వచ్చేది కదా అనుకున్నాను. చూశారా? ఏడో మనిషి దొరికాడు, ఊరు ఊరంతా.

ఆ తరువాత నెల రోజులు అమ్మ దగ్గరే ఉన్నాను. ఒక సంగతి గమనించాను. మా అమ్మ ఇంట్లో ఎక్కడుందో ఎప్పుడూ చూడనక్కర్లేదు. తెల్లవారుజామున గాజుల చప్పుడు పెరట్లో వినిపిస్తే కసువు చిమ్ముతోందని, వంటింట్లో వినిపిస్తే సంగటి గెలుకుతోందని, నిద్రలోనే తెలిసిపోయేది. ఇప్పుడు నేను పొయ్యి దగ్గర ఉండగా వెనక నుంచి వచ్చి నిలబడితే ఉలిక్కిపడేదాన్ని. "నేనే పాపా" అనేది. సొంత వంటింట్లో, తాను వచ్చినట్టు చెప్పుకోవలసి రావడం.

సంవత్సరీకం అయ్యాక ఏ గుడికి పోదామమ్మా అని అడిగితే, "తరిగొండకు" అంది. తిరుపతి అంటుందేమో అనుకున్నాను. మా అమ్మ పుట్టిల్లు వాయల్పాడు దగ్గర. అక్కడికి తరిగొండ పక్కనే. చిన్నప్పుడు నరసింహస్వామి గుడికి ఎడ్లబండిలో వెళ్లేవాళ్లట. వెంగమాంబ కథ ఆ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన కథ.

వెంగమాంబగారి పేరు తిరుమలలో అన్నప్రసాదం తిన్నవాళ్లకందరికీ తెలుసు. ఆ భవనానికి పెట్టింది ఆమె పేరే. రాత్రి ఏకాంతసేవలో ఈనాటికీ తరిగొండవారి ముత్యాలహారతి ఇస్తారు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, యక్షగానాలు, ఎన్ని రాసిందో! నాలాగా ప్రకరణం పూర్తికాగానే పక్కింటికి పరుగెత్తలేదు సరికదా, నాకు ఓనమాలు కూడా ఎవరూ నేర్పలేదు, స్వామే పలికించాడు అని పుస్తకం మొదట్లోనే చెప్పుకుంది. పండితుల చేత బాగుందనిపించుకునే పని ముందే తప్పించుకుందన్న మాట. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులనే గురువు దగ్గర యోగం నేర్చుకుంది. 1817లో తిరుమలలోనే సమాధి అయింది.

ఇదంతా సరే. మా అమ్మ వాళ్లకు ముఖ్యమైన కథ వేరే. పసితనంలో పెళ్లయింది, పసితనంలోనే మొగుడు పోయాడు. జుట్టు తీసెయ్యాలన్నారు, బొట్టు తుడిచెయ్యాలన్నారు. నా మొగుడు స్వామి, ఆయన ఉండగా నేనెందుకు తీసేస్తాను అంది ఆ పిల్ల. ఊరు ఊరుకుంటుందా? ఒక పీఠాధిపతి వస్తే ఆయన ముందు పంచాయితీ పెట్టారట. నమస్కారం చెయ్యమంటే, మీరు పీఠం దిగండి, దానికి చేస్తాను అందట. దిగితే చేసిందట. పీఠం భగ్గున మండిపోయిందట. ఇది కథే. మంటల మాట ఎట్లా ఉన్నా, చిన్నప్పటి నుంచీ నా మనసు మంటలకు ముందున్న క్షణం దగ్గరే ఆగుతుంది. అంతమంది మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తుంటే ఆ పిల్ల ఎవరి వైపు చూసి ఉంటుంది?

గుడిలో దర్శనం అయ్యాక మండపంలో కూర్చున్నాం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నా వైపు చూడకుండానే అంది:

"ఈమె ఎవుర్ని అడిగింది పాపా?"

నన్ను దెప్పడానికి అన్నమాట కాదది. మా అమ్మకు దెప్పడం రాదు. నిజంగానే ఆలోచిస్తోంది. దెప్పి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఆమెకు స్వామి ఉన్నాడు కదమ్మా, ధైర్యానికి" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"నాకు స్వామి గీమి తెలీదు. నేను మీ నాయన పెండ్లాన్ని. తిరునాళ్లప్పుడల్లా దగ్గర నిలబడి పచ్చగాజులే ఏపించేవాడు. ఎర్రవి చూస్తే ఆ యప్పకు గిట్టదు" అంది. కొంచెం నవ్వింది కూడా. "మనిషి పోయినాడు. ఆయన ఏపించినవి ఏం జేసినాయి?"

ఇన్నేళ్లూ ఆడవాళ్ల మనసుల గురించి నవలలు రాస్తున్నదాన్ని. బొట్టు హక్కు, గాజుల హక్కు అని ఏదేదో అనుకుంటూ వచ్చాను. ఆమెకు కావలసింది ఇంత చిన్న సంగతని, అది ఇంత పెద్దదని నాకు తోచలేదు.

తిరుగు ప్రయాణంలో మదనపల్లెలో బస్సు మారాలి. రామసముద్రం బస్సుకు ఇంకా టైముంది. కాఫీ తాగుదామా అంటే వద్దని, అమ్మ మెల్లగా నడుచుకుంటూ పోయి ఒక గాజుల కొట్టు ముందు నిలబడింది. నేను వెనక నిలబడ్డాను. కొట్టతను అమ్మ నుదుటి వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు, ఆ తరువాత నా వైపు చూశాడు.

"ఎవరికమ్మా?"

నన్నే అడిగాడు. నేను నోరు తెరిచాను. ఒట్టు, ఆ అరక్షణంలో కూడా చుట్టూ ఒకసారి చూశాను, మా ఊరివాళ్లెవరైనా ఉన్నారేమోనని. ఈ అలవాటు నాతోపాటు కట్టెల్లోకే పోతుందనుకుంటాను.

"నాకేనబ్బాయ్" అంది అమ్మ. "పచ్చవి. గట్టివి చూసి ఇయ్యి, నేను పనిజేసుకునేదాన్ని."

అతను మరో మాట మాట్లాడలేదు. చెయ్యి అందుకుని, వేళ్లు దగ్గరకు నొక్కి, ఒక్కొక్కటే ఎక్కించాడు. పెంకు గీరుకున్న చోట సన్నటి తెల్లగీత ఉంది. దాన్ని దాటి గాజులు జారిపోయాయి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పుంగనూరు రోడ్డు విడిచి మా దారిలో పడ్డాక చెయ్యి కొంచెం పైకెత్తి, "బాగుండాయా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఈ జబ్బు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లకు తెలిసింది. బాగున్నాయమ్మా అని చెప్పేలోపే ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది, చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడ్డానికి.

ఇంటికి వచ్చేసరికి పెద్దత్త వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. గాజుల చప్పుడుకు తలెత్తింది. నా గుండె దడదడ కొట్టుకుంటోంది. అమ్మ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, వచ్చి ఆమె పక్కనే కూర్చుని తానూ చింతపండు ముందుకు లాక్కుంది.

పెద్దత్త చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అమ్మ చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. గాజుల్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"డజను ఎంత మే?" అంది.

అమ్మ చెప్పింది.

"మదనపల్లెలో అంతే, నోటికొచ్చింది జెప్తారు" అంది పెద్దత్త, చెయ్యి ఇంకా వదలకుండానే. "పుంగనూరు సంతలో అయితే పది తక్కువకిస్తాడు."